క్లెమ్ ఎడమచెయ్యి

సెవర్న్ నది ఊరి నీళ్ళ కార్ఖానాను కూడా ముంచేసి, ఇంగ్లండులోని గ్లాస్టర్ జనాన్ని మోకాటి లోతు నీళ్ళలో నిలబెట్టి, తాగడానికి గుక్కెడు లేకుండా చేసింది చూశారూ, ఆ వరద. ఆ ఊళ్ళో ఇప్పటికీ పెళ్ళిళ్ళూ చావులూ దానికి ముందా, తర్వాతా అనే చెప్పుకుంటారు. ఇది ఆ వరద తీసిన మరుసటి వసంతంలో జరిగింది. తెల్లవారితే మే నెల మొదటి రోజు.

ఆ ముందురోజు పొద్దున్నే క్లెమ్ ట్రంకు మెట్లు దిగింది.

దిగిందంటే క్లెమ్ దించాడు. మెట్టుమెట్టుకీ ధనామని చప్పుడు. వంటింట్లో కూర్చున్న హోప్టన్ అది వింటూనే ఉన్నాడు. లేచి ఒక చెయ్యి వేస్తే అయిపోయేది. లేవలేదు.

పొయ్యి దగ్గర పెర్లీన్ మొక్కజొన్న జావ కలుపుతోంది. చప్పుడు ఆగాక గరిటతో గిన్నె అంచు మీద ఒకటి కొట్టింది.

"నడవకి అడ్డంగా పెట్టాడు. ఇక నేను చర్చికి కిటికీలోంచి దూకి వెళ్ళాలి," అంది.

హోప్టన్ తన గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

క్లెమ్ వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. వరదలో ఏటి ఒడ్డున ఉన్న ఇల్లు పోయి, హోప్టన్ ఇంటి మేడ మీద గదిలోకి వచ్చి పడిన నాటినుంచి అది అతని కుర్చీ. పొడుగ్గా, సన్నగా, ఎండిన చువ్వలా ఉంటాడు. హోప్టన్ పొట్టి, వెడల్పు. ఇద్దరూ డెబ్బైకి దగ్గర పడినవాళ్ళే.

"పెర్లీన్, మీ ఆయన్ని ఆ ఉప్పు ఇటు జరపమను," అన్నాడు క్లెమ్.

ఉప్పు హోప్టన్ మోచేతి పక్కనే ఉంది.

"ఆయన చెవులు బాగానే ఉన్నాయి మాస్ క్లెమ్," అంది పెర్లీన్. జమైకాలో పుట్టినవాళ్ళు పెద్దవాళ్ళను అలా మాస్ అని కలిపి పిలుస్తారు.

"ఎంత బాగున్నాయో ఆదివారం తెలిసింది."

"ఇన్నాళ్ళూ చక్కెర పోసుకుని తాగిన జావలోకి ఇవాళ ఉప్పెందుకో అడుగు," అన్నాడు హోప్టన్, భార్యతోనే.

"ఈ ఇంట్లో నాకు తీపి సయించడం మానేసిందని చెప్పు."

పెర్లీన్ ఉప్పూ చక్కెరా రెండూ తీసి తన చంకలో పెట్టుకుంది. నేనేమీ ఈ ఇంటికి టెలిఫోను తీగను కాను, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని ఏడవండి అని, తన గిన్నె పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళిపోయింది. మిగిలిన ఇద్దరూ ఆ చప్పిడి జావ చప్పుడు కాకుండా తాగారు. ఎవరు ముందు లేస్తే వాళ్ళు ఓడినట్టని కాబోలు, గిన్నెలు ఖాళీ అయ్యాక కూడా కూర్చునే ఉన్నారు.

ఆదివారం జరిగింది చెప్పుకోడానికి చిన్నది.

వాళ్ళ బ్యాండు పేరు ఎల్వర్స్. ప్రతి వసంతంలోనూ సముద్రంనుంచి సెవర్న్‌కి ఎదురెక్కి వచ్చే దారప్పోగుల్లాంటి మలుగుపిల్లలను ఆ ఊళ్ళో అలా అంటారు. క్లెమ్ మెలోడియన్ వాయిస్తాడు. గుండెకి కట్టుకుని, తిత్తి సాగదీస్తూ మూస్తూ వాయించే పెట్టె అది. హోప్టన్‌ది బేస్ గిటారు. పాటలు క్లెమ్ తాతలనాటి ఇంగ్లీషు పల్లె పాటలు. కింద నడక మాత్రం హోప్టన్ పుట్టిన జమైకా దీవిది, రెగే నడక. ఏటా మే మొదటి రోజు మే కొండ మీద సూర్యుడు వచ్చే వేళకి, మోరిస్ అనే ఇంగ్లీషు పల్లె నాట్యం ఆడే ఆటగాళ్ళు కాళ్ళకు మువ్వలు కట్టుకుని వీళ్ళ వాయింపుకే ఎగురుతారు.

హోప్టన్ వాయింపులో ఒక పద్ధతి ఉంది. పాట ప్రతి వరసలోనూ మొదటి దెబ్బ అతను వెయ్యడు. అక్కడ ఊపిరి బిగబట్టినట్టు ఆగి, ఆ తర్వాత దిగుతాడు. అతను పుట్టినచోట అదే అందం. కానీ గాల్లోకి ఎగిరిన మోరిస్ ఆటగాడికి కాలు దించుకోడానికి ఆ మొదటి దెబ్బే కావాలి. అది ఇచ్చేది క్లెమ్ ఎడమచెయ్యి. మెలోడియన్‌కి కుడిపక్క పాట, ఎడమపక్క అడుగు. హోప్టన్ వదిలిన చోట క్లెమ్ కాలు పెట్టేవాడు. బ్యాండంతా ఆ ఒక్క చోటు మీద నిలబడి ఉంది.

వరద తీశాక నెలల తరబడి ఇంట్లో బురద ఎత్తిపోస్తూ, శీతాకాలం మొదట్లో క్లెమ్ ఒకరోజు కూలబడిపోయాడు. ఆసుపత్రిలో ఉంచి పంపారు. మాటా నడకా బాగానే వచ్చాయి. ఎడమచేతి వేళ్ళు మాత్రం పూర్తిగా రాలేదు. అతను చెప్పలేదు. ఎవరూ అడగలేదు. ఈ ఏప్రిల్‌లో చర్చి వెనక హాల్లో సాధన మొదలుపెట్టేసరికి, ఆ చెయ్యి ఆలస్యంగా దిగుతోంది. ఆటగాళ్ళు ఒకళ్ళమీద ఒకళ్ళు పడుతున్నారు.

అందుకని ఆదివారం హోప్టన్ ఆ మొదటి దెబ్బ తనే వేశాడు. ఆలోచించి చేసింది కాదు. బల్ల అంచునుంచి జారే కప్పును పట్టుకున్నట్టు చేశాడు. మెత్తగా, బొటనవేలితో. ఎవరికీ తెలియదనుకున్నాడు.

అందరికీ తెలిసింది. ఆటగాళ్ళ నాయకుడు గ్రెవిల్ చెమట తుడుచుకుంటూ వచ్చి హోప్టన్ వీపు మీద చరిచాడు. దెబ్బంటే ఇదీ, ఇన్నేళ్ళూ దీన్ని ఎక్కడ దాచావయ్యా అన్నాడు. ఆటగాళ్ళు చప్పట్లు కొట్టారు. క్లెమ్ మెలోడియన్ తిత్తి మూసి, పట్టీలు బిగించి, వ్యాను కోసం ఆగకుండా వానలో నడిచి ఇంటికి వచ్చేశాడు.

అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

పొద్దెక్కాక హోప్టన్ ముందుగదిలో కూర్చుని బేస్ తీగలు గుడ్డతో తుడుస్తున్నాడు. తెరిచిన తలుపులోంచి నడవలో ట్రంకు కనిపిస్తోంది.

నిజానికి అది హోప్టన్ ట్రంకే. క్లెమ్ సామానంతా వరదలో పోతే, పెర్లీన్ అటక మీంచి దించి ఇచ్చింది. ఓడ కంపెనీ చీటీ అంటించిన మరక ఇంకా మూత మీద ఉంది.

ఆ ట్రంకు పట్టుకుని ఈ ఊళ్ళో దిగిన శీతాకాలం హోప్టన్‌కి గుర్తొచ్చింది. వ్యాగన్ల కార్ఖానాలో పని దొరికింది గానీ పడుకోడానికి చోటు దొరకలేదు. గది ఖాళీ అని రాసిన ఇంటి తలుపు తడితే, అతని నల్ల మొహం చూసి ఇప్పుడే ఇచ్చేశాం అనేవారు. అలా వీధులన్నీ అయిపోయి, ఊరు కూడా అయిపోయి, ఏటి ఒడ్డున ఒక ఇంటి ముందు ఆగాడు. తలుపు తీసింది క్లెమ్ తల్లి. అతన్ని కిందినుంచి పైదాకా చూసి ఒక్కటే అడిగింది.

"మలుగుపిల్లలు తింటావా?"

ఏది పెట్టినా తింటానన్నాడు. అయితే కాళ్ళు తుడుచుకుని రా అంది.

వంటింటి పైన గది. చలికి కోటు విప్పకుండానే మంచం మీద పడుకునేవాడు. సాయంత్రాలు కింద క్లెమ్ మెలోడియన్ వాయించేవాడు. అప్పటికి వాళ్ళిద్దరికీ పరిచయం లేదు. మెట్ల మీద ఎదురైతే టోపీ ముట్టుకోవడం, అంతే. ఆ పాట దడికి పాతిన గుంజల్లా వరసగా, ఒకే ఎడంతో వచ్చేది. ధన్, ధన్, ధన్. ఒకరోజు హోప్టన్ కాలు తనంతట తనే కదిలింది. గుంజకీ గుంజకీ మధ్య ఉన్న సందులో మడమతో చెక్క నేల మీద తొక్కాడు. మళ్ళీ తొక్కాడు.

కింద పాట ఆగింది.

మెట్ల మీద అడుగుల చప్పుడు. గది పోయిందనుకున్నాడు హోప్టన్. ట్రంకు మంచం కింద ఎక్కడుందో చూసుకున్నాడు కూడా. క్లెమ్ గుమ్మంలో నిలబడ్డాడు, మెలోడియన్ గుండెకి వేలాడుతూనే ఉంది.

"ఇందాకటిది మళ్ళీ తొక్కు," అన్నాడు.

అతను కిందికి వెళ్ళి వాయించాడు. ఇతను పైన తొక్కాడు. ఒక పూటంతా అలా సాగేసరికి పైకప్పు సున్నం రాలి పెనంలో పడింది. క్లెమ్ తల్లి అట్లకాడతో కప్పు పొడిచి, ఆ తొక్కుడేదో కిందికొచ్చి రాతి నేల మీద తొక్కి చావమని అరిచింది. కిందికి వెళ్తే పంది కొవ్వులో మలుగుపిల్లలు వేగుతున్నాయి, పైన గుడ్డు కొట్టి. ఆమె అతని పళ్ళెంలో ఎక్కువ వేసింది. ఇవి పుట్టేది మీ దీవుల వైపు సముద్రంలోనేనట అంది. అంత సముద్రం దాటి, ఏటికి ఎదురెక్కి ఇక్కడికి వస్తాయి, ఎందుకొచ్చారని మేం అడగం, వేపుకుని తింటాం అంది. తర్వాత చాలాసేపు తన మాటకి తనే నవ్వుకుంది.

ఆమె పోయి ఎన్నేళ్ళో. ఆ వంటిల్లు పోయిన జులైలో పోయింది.

తర్వాత బేస్ గిటారు వచ్చింది. తర్వాత పెర్లీన్ వచ్చింది. క్లెమ్‌కి పెళ్ళి కాలేదు. అడిగితే, ఈ పెట్టె కట్టుకున్నాక ఇంకొకరిని కౌగలించుకోడానికి చోటేదీ అనేవాడు. బార్టన్ వీధి డాన్సుల్లో వీళ్ళు వాయిస్తే, ఎవరో పిల్లి తోక తొక్కినట్టున్నారు, వదలమనండి అని జమైకా కుర్రాళ్ళు ఎగతాళి చేసేవారు. పల్లె పాటల క్లబ్బుల్లో ఇంగ్లీషు పెద్దమనుషులు చేతులు కట్టుకుని గోడ వైపు చూసేవారు. ఒకసారి అలాంటి పెద్దమనిషి ఒకాయన పాట అయ్యాక క్లెమ్ పక్కకి వచ్చి, మీవాడు ప్రతిసారీ ఒకటి మర్చిపోతున్నాడయ్యా, లెక్క నేర్పలేదా అని గుసగుసలాడాడు. హోప్టన్‌కి అది వినిపించింది.

"మర్చిపోవడం లేదండీ. నాకోసం ఉంచుతున్నాడు," అన్నాడు క్లెమ్.

తుడిచిన తీగనే మళ్ళీ తుడుస్తూ కూర్చున్నాడు హోప్టన్.

మధ్యాహ్నం డానెట్ వ్యాను వేసుకుని వచ్చింది. హోప్టన్ కూతురు. ఆసుపత్రిలో నర్సు, బ్యాండులో డ్రమ్ములు ఆమెవి. పొద్దుటి ప్రయాణానికి సామాను ఎక్కించుకుందామని వచ్చినదల్లా నడవలో ట్రంకు తగిలి ఆగిపోయింది.

"ఎవరు వెళ్తున్నారు?"

"మీ అంకుల్," అంది పెర్లీన్, ఇస్త్రీ బల్ల దగ్గరనుంచి. "రేపు కొండ దిగగానే హేజెల్ వచ్చి తీసుకుపోతుంది."

హేజెల్ క్లెమ్ చెల్లెలి కూతురు. బ్రిస్టల్‌లో ఉంటుంది. వరద నాటినుంచి రమ్మని పోరుతూనే ఉంది. ఇన్నాళ్ళూ రానన్నవాడు ఆదివారం తర్వాత తనే ఫోన్ చేశాడు.

డానెట్ తండ్రి ఎదురుగా వచ్చి నిలబడింది.

"సారీ చెప్పావా డాడీ?"

"దేనికి?"

"అదే అడుగుతున్నా. దేనికో తెలుసా నీకు?"

హోప్టన్ గుడ్డ మడతపెట్టాడు. "పడిపోయేవాణ్ణి పట్టుకుంటే సారీ చెప్పాలా?"

డానెట్ కూర్చుంది. తనకి గ్రెవిల్ ఫోన్ చేశాడని చెప్పింది. ఆటగాళ్ళు కూడి మాట్లాడుకున్నారట. రేపు దెబ్బ ఆదివారంలా పడితే సరే. మళ్ళీ పాతలా తడబడితే, వచ్చే ఏడు కొండ మీదికి స్ట్రౌడ్‌నుంచి ఫిడేలు కుర్రాళ్ళను పిలుచుకుంటారట. మర్యాదగానే చెప్పాడట, అన్నేళ్ళ స్నేహం అని కూడా అన్నాడట.

"అయితే వేస్తాను," అన్నాడు హోప్టన్.

"వేస్తే అంకుల్ పోతాడు."

"వెయ్యకపోతే బ్యాండే పోతుంది. అప్పుడు వాడు మాత్రం ఎక్కడుంటాడు?" కొంచెంసేపు ఆగి, "పోనీ ఆ దెబ్బ నువ్వు వెయ్యి. డ్రమ్ము మీద. మీ అంకుల్ నిన్నేమీ అనడు," అన్నాడు.

"నేనా? అక్కడ పుల్ల ఎత్తి ఆగమని, పడితే వీపు పగలగొడతానని నాకు నేర్పిందెవరు?"

పెర్లీన్ ఇస్త్రీ చేస్తూనే ఉంది. బల్ల మీద ఉన్నది క్లెమ్ తెల్ల చొక్కా. పొద్దున కొండకి వేసుకునేది. మణికట్టు పట్టీ తిప్పి, గుండీ చుట్టూ జాగ్రత్తగా రుద్దింది.

"ఈ గుండీలు ఎవరు పెడుతున్నారనుకున్నావు?" అంది.

హోప్టన్‌కి అర్థం కాలేదు.

"చలికాలంనుంచీ నేనే పెడుతున్నా. పొద్దున్నే మెట్ల మీద ఆగి చేతులు చాపుతాడు. పెడతాను. పెట్టేంతసేపూ వాన గురించి మాట్లాడుకుంటాం. ఆయన అడగలేదు, నేను అనలేదు. నీక్కూడా చెప్పలేదు." ఇస్త్రీపెట్టె నిలబెట్టి మొగుడి వైపు తిరిగింది. "నువ్వు పదిమందిలో పెట్టావు."

డానెట్ లేచి డ్రమ్ములు మొయ్యడానికి వెళ్ళిపోయింది. పెర్లీన్ చొక్కా మడిచి ట్రంకు మీద పెట్టింది.

పొద్దువాలే వేళకి క్లెమ్ పెరట్లో ఉన్నాడు. పెర్లీన్ తోటకూర మడి పక్కన, బోర్లించిన పళ్ళ పెట్టె మీద కూర్చున్నాడు. ఒళ్ళో మెలోడియన్, పట్టీలు విప్పలేదు. రైలు కట్ట మీద ఎండ ఎర్రబడుతోంది. హోప్టన్ ఇంకో పెట్టె తెచ్చి పక్కన వేసుకున్నాడు. పక్కనంటే మరీ పక్కన కాదు.

ఒక రైలు వెళ్ళిపోయింది.

"నత్తలు మళ్ళీ వచ్చాయి," అన్నాడు హోప్టన్, ఆకుల్ని చూస్తూ.

"పళ్ళెంలో బీరు పోసి పెడితే అందులో పడి చస్తాయి," అన్నాడు క్లెమ్. అతను కూడా ఆకులతోనే.

"పెర్లీన్ ఇంట్లోకి బీరు రానివ్వదు."

"నత్తలక్కూడానా?"

"నత్తలక్కూడా."

క్లెమ్ ముక్కుతో చిన్న చప్పుడు చేశాడు. నవ్వు కాదు గానీ, దానికి చుట్టం.

"ఎప్పట్నుంచి నీ చెయ్యి?" అన్నాడు హోప్టన్.

"చేతికేం కాలేదు."

ఇంకో రైలు పోయింది. అది ఖాళీ గూడ్సు. పెట్టెలన్నీ అయ్యేదాకా క్లెమ్ దాన్నే చూశాడు.

"శీతాకాలంనుంచి," అన్నాడు. "నేను చెప్తే వినకపోవడం లేదు. వింటుంది. ఏటి అవతలి ఒడ్డున నిలబడి విన్నట్టు వింటుంది. అది వచ్చేసరికి పాట ముందుకి పోతుంది."

"నాకు చెప్పచ్చుగా."

"చెప్తే ఏం చేసేవాడివి?"

హోప్టన్ ఒక నత్తను ఆకు మీంచి తీసి అవతలకి విసిరాడు.

"అదే చేసేవాడివి," అన్నాడు క్లెమ్. "ఆదివారం చేసిందే."

"నువ్వు పడిపోతున్నావురా."

"పడలేదు. ఆలస్యమయ్యాను." మెలోడియన్ మీద ఎడమచెయ్యి పెట్టాడు. "ఇన్నేళ్ళూ నువ్వు ఒకచోటు వదిలావు. ఎందుకు వదులుతావని నేను ఒక్కనాడు అడగలేదు. అది నాది అనుకున్నాను. నా చెయ్యి రాకపోతే ఖాళీగా ఉండనియ్యి. ఖాళీగా ఉన్నా అది నాదే. నువ్వొచ్చి అందులో కూర్చోకు."

"ఆటగాళ్ళు పడతారు."

"పడితే లేస్తారు. కుర్రవెధవలు."

"వచ్చే ఏడు మనల్ని పిలవరు. గ్రెవిల్ చెప్పేశాడు."

క్లెమ్‌కి అది కొత్త సంగతి. మొహం తిప్పుకున్నాడు. కొండ అటువైపే ఉంది గానీ ఇళ్ళు అడ్డం, కనిపించదు. మొదటి ఏడు వాళ్ళిద్దరూ కొండెక్కినప్పుడు మధ్యదారిలో బేస్ స్పీకరు బ్యాటరీ జారి గొర్రెల మందలోకి దొర్లిపోవడం గుర్తుందా అని అడిగాడు. హోప్టన్‌కి గుర్తుంది. గొర్రెలకాపరి తిట్టిన తిట్లు కూడా గుర్తున్నాయి. అవి ఇద్దరూ ఒకళ్ళకొకళ్ళు అందించుకుంటూ మొత్తం చెప్పుకున్నారు.

"హేజెల్ ఇంట్లో మెట్లు లేవట," అన్నాడు క్లెమ్. "అన్నీ కిందే."

పొద్దున్నే మెట్ల మీద ఎవరు నిలబడతారు మరి అనబోయాడు హోప్టన్.

"మంచిదే," అన్నాడు. "రేపు మెలోడియన్ విప్పుతావా?"

"మోసుకొస్తాను. విప్పుతానో లేదో అక్కడ చూడాలి. నువ్వేం చేస్తావు?"

వేస్తాను అన్నా, వెయ్యను అన్నా ఏదో ఒకటి తేలిపోయేది. హోప్టన్ లేచి తన పళ్ళ పెట్టె చేత్తో పట్టుకున్నాడు.

"నాకూ అక్కడే తెలియాలి," అని లోపలికి వెళ్ళాడు.

మర్నాడు చీకటితోనే కొండెక్కారు. గాలి చెవులు కోస్తోంది. డానెట్ బ్యాటరీ మోసింది. పెర్లీన్ ఫ్లాస్కులు మోసింది. క్లెమ్ తెల్ల చొక్కా మీద కోటు వేసుకుని, మెలోడియన్ వీపుకి తగిలించుకుని ముందు నడిచాడు. దారిలో ఎవరు చెయ్యి అందించినా పట్టుకోలేదు. పైన పైన్ చెట్ల గుంపు దగ్గర అప్పటికే జనం చేరారు, దుప్పట్లు కప్పుకుని, కుక్కల్ని పట్టుకుని. కింద చీకట్లో నది ఒక్కటే తెల్లగా వంకర తిరిగి కనిపిస్తోంది.

గ్రెవిల్ మువ్వలు మోగించుకుంటూ వచ్చాడు. ఆదివారం దెబ్బే కదా అని హోప్టన్‌ని అడిగాడు. క్లెమ్ పక్కనే ఉన్నాడు. హోప్టన్ తీగ సరిచేసుకుంటున్నట్టు తల వంచుకున్నాడు.

తూర్పున వెలుగు గీత కనిపించింది. ఆటగాళ్ళు రెండు వరసల్లో నిలబడ్డారు. క్లెమ్ వాళ్ళ వైపు కాసేపు చూశాడు. తర్వాత పట్టీలు విప్పాడు.

డానెట్ పుల్లలు కొట్టింది. పాట లేచింది. ఆటగాళ్ళు గాల్లోకి లేచారు. హోప్టన్ ఆ చోటు వదిలాడు.

అక్కడికి ఏమీ రాలేదు.

కాళ్ళు ఎవరివి వాళ్ళకి దిగాయి. మువ్వలు డబ్బాలో చిల్లర కదిపినట్టు చెదిరి మోగాయి. పాట రెండో వరసలోనూ హోప్టన్ ఆ చోటు వదిలాడు. ఈసారి క్లెమ్ చెయ్యి దిగింది. ఆలస్యంగా దిగింది. గ్రెవిల్ ఎగురుతూనే హోప్టన్ వైపు కళ్ళెర్రజేశాడు. జనంలో ఎవరో నవ్వారు. హోప్టన్ బొటనవేలు తీగ మీదే ఉంది. ఒక్కసారి మీటితే చాలు, కొండ దక్కుతుంది.

మోరిస్‌కి వాయించేవాడు ఆటగాళ్ళ కాళ్ళ మీంచి చూపు తిప్పకూడదు. అది ఆ ఆటకి ఉన్న కట్టుబాటు. కాలు ఎప్పుడు దిగితే దెబ్బ అప్పుడు, మిగతావన్నీ తర్వాత. ఏ మే నెలలోనూ ఏ వాయిద్యగాడూ దాన్ని తప్పలేదు.

హోప్టన్ ఆటగాళ్ళకి వీపు తిప్పాడు.

పూర్తిగా క్లెమ్ వైపు తిరిగి, అతని ఎడమచెయ్యి మీద కళ్ళు పెట్టాడు. ఆ చెయ్యి బయలుదేరింది. హోప్టన్ ఆగాడు. అతని చూపు చూసి డానెట్ కూడా పుల్ల ఎత్తి పట్టుకుని ఆగింది. చెయ్యి ఎప్పటికి దిగిందో అప్పుడే అది మొదటిదన్నట్టు, దాని వెనక ఇద్దరూ కలిసి దిగారు. మళ్ళీ ఆగారు. పాట నిండు గర్భిణిలా నడవడం మొదలుపెట్టింది.

క్లెమ్ తలెత్తాడు.

"కాళ్ళు చూడరా," అన్నాడు, వాయింపు ఆపకుండానే.

"నువ్వు కానియ్యి," అన్నాడు హోప్టన్. కన్ను తియ్యలేదు.

అతని వెనక ఆటగాళ్ళు ఆట మానేశారు, మువ్వలు ఒక్కసారిగా ఆగిపోయాయి. పాట మాత్రం ఆగలేదు.